నాగపూర్ దాటని రొట్టెలు

శివశంకరా, క్షేమంగా ఢిల్లీ చేరాను. ఫోన్లో నా రైలును వెతకడం ఇక మానెయ్యి.

దారికని కట్టుకున్న కడక్ జొన్నరొట్టెలు విప్పగానే, ఎదుటి బెర్తులోని పెబ్బేరు పెద్దమనిషి "ఏందక్కా, గివి రొట్టెలా, పలకలా?" అని నవ్వాడు. "పలకలే. జర చేతులు కడుక్కొనిరా, అఆలు దిద్దిపిస్త" అన్నాను. కడుక్కొచ్చి, పల్లీల పొడితో తిని, ఇంకోటి అడిగాడు. తర్వాత సగం బోగీ తడిచేతులతో వచ్చి నిలబడింది. రొట్టెలు నాగపూర్ దాటలేదు. అక్కడినుంచి వాళ్లే నాకు తినిపించారు.

నేను ఒంటరిగా ఇబ్బంది పడతానని నువ్వు కొన్న తిరుగు విమానం టికెట్ రద్దు చేయించు. అందులో పక్కవాళ్ల డబ్బాలోకి ఎవరూ తొంగిచూడరట. రైల్లో కిటికీ సీటు చూడు. కోడలు ఎండుమిరపకాయలు లోపల పెట్టిందా?

చేతులు కడుక్కుని అన్నానికి కూర్చునే మనవలకు మాత్రమే నా దీవెనలు.

మీ అమ్మ