దగ్గిన పొట్టేలు విషయమై

జిల్లా వేట, వన్యప్రాణి సంరక్షణాధికారి గారి సముఖానికి,

రోజ్‌దరా గ్రామ వైద్య కేంద్రం నర్సు సవ్సన్ అక్‌నజరోవా సమర్పించుకునే అర్జీ.

అయ్యా,

విషయం: మా గ్రామస్థుడు ముబారక్‌షో పేరును దొంగవేటగాళ్ల జాబితా నుంచి తొలగించి, ఆ స్థానంలో నా పేరు చేర్చవలసిందిగా కోరుట గురించి.

పై విషయమై తమకు మనవి చేసుకునేది ఏమనగా:

1. నేను ఈ ఊళ్లో ఇరవై రెండేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. భర్త లేడు. వేట నాకు తెలియదు. అయినా ఈ లోయలోని అడవి గొర్రెల కావలి బృందానికి తొమ్మిదేళ్లుగా నాయకత్వం వహిస్తున్నాను. అది ఎలా జరిగిందో చెప్పకపోతే తక్కినది తమకు బోధపడదు కనుక చెబుతున్నాను.

తొమ్మిదేళ్ల కిందట జర్ద్ కొండ మీద పధ్నాలుగు అడవి గొర్రెలు మాత్రమే మిగిలాయి. మా ఊళ్లో వేటగాళ్లు పదకొండు మంది. ఇక వేటాడబోమని ఆ పదకొండు మందీ వైద్య కేంద్రం వాకిట్లో కూర్చుని ప్రమాణం చేసుకున్నారు. ప్రమాణం అరగంటలో అయిపోయింది. తుపాకులు ఎవరి ఇంట్లో పెట్టాలన్నది మాత్రం సాయంత్రం దాకా తేలలేదు.

“గులోబ్‌షో ఇంట్లో పెడితే పొద్దున్నకి పదే ఉంటాయి” అన్నాడొకడు.

“నీ ఇంట్లో పెడితే ఆ పదీ ఉండవులే” అన్నాడు గులోబ్‌షో.

చివరికి అందరిలోకీ పేరున్న వేటగాడు ముబారక్‌షో లేచాడు. “నర్సమ్మ మందుల బీరువాకి తాళం ఉంది కదా, అందులో పడేద్దాం. రెండో జ్వరం మాత్ర అడిగితేనే ఇవ్వదు, తుపాకీ ఏం ఇస్తుంది?” అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే నిర్ణయం జరిగిపోయింది.

తాళం నా దగ్గర ఉంది కనుక ఎవరు ఏ రోజు కొండెక్కాలో నన్నే అడగడం మొదలుపెట్టారు. తరవాత ఎవరు ఎక్కలేదో నాకే ఫిర్యాదు చేశారు. నాయకత్వం నాకు దక్కింది అలాగే. పదకొండు మందీ వంతులవారీగా, సొంత బూట్లు అరగదీసుకుని, జీతం నాతం లేకుండా కాపలా కాశారు. ప్రతి డిసెంబరులో, గొర్రెలు జతకట్టడానికి కిందికి దిగినప్పుడు, గడ్డకట్టే చలిలో లెక్క తీశారు. కిందటి డిసెంబరు లెక్క ముప్పై ఏడు.

2. మంద ముప్పై దాటితే ఏడాదికి ఒక్క ముసలి పొట్టేలును న్యాయంగా వేటాడుకునే అనుమతి మా ఊరికి ఇస్తామని తమకు ముందున్న అధికారి అందరి ఎదుటా మాట ఇచ్చారు. పుట్టుకతో వేటగాళ్లైనవాళ్లు ఆ మాట పట్టుకునే ఇన్నేళ్లు చేతులు కట్టుకున్నారు. ఆ అనుమతి కోరుతూ జనవరిలో అర్జీ పెట్టుకున్నాం. “మా రికార్డుల ప్రకారం మీ లోయలో అడవి గొర్రెలు లేవు” అని జవాబు వచ్చింది.

తమ సిబ్బంది కిందటేడు జూలై నెలలో, రోడ్డు మీద బండి ఆపి, అద్దం దించి లెక్క తీశారు. జూలైలో గొర్రెలు మంచు అంచున ఉంటాయి. జూలైలో రోడ్డు మీద నుంచి చూస్తే మా మామగారు కూడా కనబడరు. ఆయనా పశువులతో పైనే ఉంటారు. ఆయన లేరని ఇంతవరకూ ఎవరూ రాయలేదు.

3. లేవని రాసుకున్నారు కనుక, జూన్‌లో బయటి ఆసామి తాలూకు ఆరు వందల పెంపుడు గొర్రెలకు జర్ద్ కొండ మీద మేత అనుమతి ఇచ్చారు. అందులో చాలావాటికి దగ్గు. ముక్కుల వెంట చీము. కాపరిని తప్పు పట్టను. నాకు గిన్నెడు పెరుగు పోసి, “ఏం చెయ్యమంటావమ్మా? కాగితం ఇక్కడే మేపమంది” అన్నాడు. పెంపుడు మంద దగ్గు అడవి మందకు తగిలితే ఏమవుతుందో నాకంటే తమ కార్యాలయానికే బాగా తెలియాలి.

జూన్ పన్నెండున ఒకటి, జూలై మూడున ఒకటి, జూలై ఇరవై తొమ్మిదిన ఒకటి, మూడు అర్జీలు రాశాను. మొదటి రెంటికీ జవాబు లేదు. మూడోదానికి వచ్చింది: “బృంద నాయకుడి సంతకం లేనందున తిరస్కరించడమైనది.” సంతకం నాదే. నాయకుడంటే వేట లైసెన్సు ఉన్నవాడై ఉండాలట. పదకొండు తుపాకులను ఒక్క గుండు పేలకుండా కాపాడిన మనిషికి వేట లైసెన్సు దేనికో నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ అర్థం కాలేదు.

4. ఆగస్టు ఆఖరుకి పైన ఆరు కళేబరాలు కనబడ్డాయి. సెప్టెంబరు నాలుగున ముబారక్‌షో పరుగున వచ్చి, పెద్ద ఊట దగ్గర వంకరకొమ్ము పడి ఉందన్నాడు. ఎడమ కొమ్ము చివర విరిగిన పొట్టేలు అది. పిల్లగా ఉన్నప్పటి నుంచి ఏటా అతని లెక్కలో ఉంది. నేను ఎక్కి చూశాను. లేవలేకపోతోంది. దాని దగ్గు కింద రాళ్ల గుట్ట దాకా వినిపిస్తోంది. మూతి నురగ ఊటనీళ్లలోకి జారుతోంది. మిగిలిన మంద సాయంత్రం ఆ ఊటకే దిగుతుంది.

మధ్యాహ్నం వైద్య కేంద్రం వాకిట్లో కూర్చున్నాం.

“ఎలాగూ చస్తుంది కదా, దాని మానాన దాన్ని వదిలేద్దాం” అన్నాడు గులోబ్‌షో.

“చచ్చేలోపు ఆ నీళ్లలో ఎన్ని మూతులు పెడతాయో చెప్పు” అన్నాను.

ఎవరు వెళ్తారని అడిగాను. పదిమందీ తల దించుకున్నారు. ముబారక్‌షో మాత్రం, “తలుపు తియ్యి నర్సమ్మా. వేరేవాడైతే రెండు గుళ్లు పడతాయి. దానికి ఒకటి చాలు” అన్నాడు. బీరువా తీసి తుపాకీ ఇచ్చింది నేను. కాల్చమన్నది నేను. ఈ వాక్యం కింద గీత గీసి చదువుకోవలసిందిగా ప్రార్థన.

అతను బండ మీద బోర్లా పడుకుని చాలాసేపు గురిచూస్తూ ఉండిపోయాడు. “ఇంకా ఏంటన్నా?” అన్నాను. “దగ్గుతోంది కదా, దగ్గు ఆగనీ” అన్నాడు. ఆగాక కాల్చాడు. తరవాత టోపీ తీసి పక్కన పెట్టి, ఇసకతో చేతులు రుద్దుకున్నాడు. నావైపు తిరగలేదు.

నేను పొట్టేలు రొమ్ము కోసి చూశాను. ఊపిరితిత్తులు కార్జంలా గట్టిపడి ఉన్నాయి. చిన్న ముక్క కోసి స్పిరిట్ సీసాలో వేసి చీటీ అంటించాను. మిగతా కళేబరాన్ని కొమ్ములతో సహా గోతిలో వేసి రాళ్లు పేర్చాం. ఒక్కరు కూడా ఒక్క ముక్క ఇంటికి పట్టుకుపోలేదు. వెంటనే పశువుల డాక్టరును పంపమని ఉత్తరం రాసి, మర్నాడు పొద్దున సీసాతో కలిపి బండి డ్రైవరు చేతికిచ్చి తమ కార్యాలయానికి పంపాను.

డాక్టరు రాలేదు. ఆ సాయంత్రమే జీపు వచ్చింది. తొమ్మిదేళ్లలో తమ కార్యాలయం నుంచి మా వాకిట్లోకి వచ్చిన మొట్టమొదటి జీపు అది. తుపాకీ తుడిచి నాకు అప్పగించడానికి వస్తున్న ముబారక్‌షోను దారిలోనే పట్టుకున్నారు. గొయ్యి తవ్వించి కొమ్ములు తీసుకున్నారు. స్వాధీనం చేసుకున్న వస్తువుల పట్టీలో “తుపాకీ ఒకటి, కొమ్ములు ఒక జత, వేట మాంసం ఒక సీసా” అని రాశారు. అయ్యా, స్పిరిట్‌లో ఊరేసిన ఊపిరితిత్తిని ఏ దేశంలోనూ తినరు.

ఇన్‌స్పెక్టరు గారితో జరిగిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

“కాల్చమన్నది నేను. నా పేరు రాసుకోండి.”

“మీరెవరు?”

“ఈ బృందానికి నాయకురాలిని.”

“అమ్మా, ఈ లోయలో బృందం లేదు, నాయకురాలూ లేదు. మా కాగితాల్లో అట్లాంటిదేం లేదు.”

“మీ కాగితాల్లో గొర్రెలు కూడా లేవు కదండీ. లేని గొర్రెని ఎలా కాల్చాడు?”

ఆయన టోపీ సర్దుకుని, “అది ఆఫీసులో అడగండి” అన్నారు.

5. ఆఫీసులో అడిగాను. రెండుసార్లు అడిగాను. మొదటిసారి తమరు క్యాంపులో ఉన్నారు. రెండోసారి భోజనంలో ఉన్నారు. గుమాస్తా ఫర్రుఖ్ మంచివాడు, కుర్చీ వేశాడు, టీ ఇచ్చాడు. “ఫారంలో వేటగాడి పేరు, తండ్రి పేరు, లైసెన్సు నంబరు అని మూడే గళ్లు ఉన్నాయి నర్సమ్మా. కాల్చమన్నవారి పేరుకి గడి లేదు. నేనేం చెయ్యను చెప్పు?” అన్నాడు. అతనేమీ చెయ్యలేడు. తమరు చెయ్యగలరు.

ముబారక్‌షోను ఆరు రోజులు లాకప్‌లో ఉంచారు. ఇక తుపాకీ ముట్టననీ, పై కాలువ దాటి కొండెక్కననీ రాయించుకుని వదిలారు. అరవై ఒక్కేళ్ల మనిషి. నడక వచ్చినప్పటి నుంచి ఆ కాలువ దాటని రోజు లేదు. ఇప్పుడు పొద్దున్నే కాలువ గట్టు దాకా వెళ్లి, అక్కడ నిలబడి, తిరిగి వస్తున్నాడు. అతని భార్య పరీజోద్ నా దగ్గరకు వచ్చి, “రొట్టె ఎలా కాల్చాలో నాకు నేర్పుతున్నాడమ్మా ఈయన! ముప్పై ఎనిమిదేళ్లలో నా పొయ్యి దగ్గరకి రానివాడు! నువ్వే ఏదో ఒకటి చేసి కొండెక్కించు, లేకపోతే నేనే ఎక్కేస్తాను” అంది. నవ్వుతూ మొదలుపెట్టి ఏడ్చేసింది.

అంతకంటే పెద్ద కష్టం వచ్చిపడింది. పదకొండు మందిలో ఏడుగురు వచ్చి తమ తుపాకులు ఇచ్చెయ్యమన్నారు.

“మంచికి పోయినవాడే జాబితాలోకి ఎక్కితే, ఇంక మేం కాపలా కాసేదెందుకు? ఎలాగూ దొంగలమే అన్నారు కదా, మాంసమన్నా తింటాం” అన్నాడు గులోబ్‌షో.

“ఇవ్వను” అన్నాను.

“ఎన్నాళ్లు ఇవ్వనంటావక్కా?”

ఆ జవాబు తమ దగ్గర ఉంది. తొమ్మిదేళ్లు కట్టిన గోడను తమ కాగితం ఒక్క సాయంత్రంలో కూల్చేసింది. మళ్లీ కట్టడానికి నా దగ్గర నోరు తప్ప ఏమీ లేదు, దాన్ని కూడా వాళ్లు వినడం తగ్గించారు.

6. కావున తమరు దయతో విచారించి, ముబారక్‌షో పేరు కొట్టివేయించవలెను, అతను కాలువ దాటనన్న హామీ రద్దు చేయవలెను, బయటి మందను కొండ దింపించవలెను, పశువుల డాక్టరును పంపించవలెను. కేసు తప్పనిసరి అయితే నా మీద పెట్టవలెను. డిసెంబరు లెక్కకు తమరే స్వయంగా రావలెను. మా ఇంట్లో ఉప్పు టీ, రొట్టె, కళ్లజోడు పెట్టుకోకుండా కనబడేంత దగ్గరలో గొర్రెలు, మూడూ ఉంటాయి.

నాలుగో అర్జీ ఇది. అయిదోది రాయించవద్దని వేడుకుంటూ, ఇంతమాత్రం చిత్తగించవలెను.

తమకు ఇప్పటికీ విధేయురాలే,
సవ్సన్ అక్‌నజరోవా
నర్సు, రోజ్‌దరా
సెప్టెంబరు 29

తా.క. వానకు కొండచరియ పడి రోడ్డు మూసుకుపోయింది. బండి తొమ్మిది రోజులుగా దిగలేదు. అర్జీ నా బల్ల మీదే ఉండిపోయింది. ఈలోగా జరిగింది కూడా రాస్తున్నాను. మర్యాదగా రాసే ఓపిక అయిపోయింది, క్షమించండి.

నాలుగు రోజుల కిందట ఊట దగ్గర ఇంకో రెండు దగ్గుతూ కనబడ్డాయి. ఒక ఆడది, ఒక ఏడాది పిల్ల. మగవాళ్లెవరూ తుపాకీ పట్టనన్నారు. జాబితా భయం. వాళ్లని అనడానికి నాకు నోరు రాలేదు. ముబారక్‌షో ముట్టకూడదు. అందుకని తన పెరట్లో నా చేతికి పార ఇచ్చి, దాని కర్రను తుపాకీలా భుజానికి ఆనించి నిలబెట్టాడు. పార ముట్టకూడదని తమరు రాయించుకోలేదు.

“ఊపిరి బిగబట్టకు. సగం వదిలేసి ఆపు” అన్నాడు. “సూది వేసేటప్పుడు చెయ్యి వణుకుతుందా నీకు?”

“వణకదు.”

“మరింకేం, ఇదీ సూదే.”

కాలువ దాకా వచ్చి అక్కడ ఆగిపోయాడు. నా వెనక అడుగుల చప్పుడైతే తిరిగి చూశాను. గులోబ్‌షో. భుజాన గడ్డపలుగు. “నేను కాల్చనక్కా, గొయ్యి తవ్వుతా. గొయ్యి తవ్వడం నేరమని ఇంకా రాయలేదు కదా?” అన్నాడు.

మొదటి గుండు రాతికి తగిలింది. ఆడగొర్రె తలెత్తి నావైపు చూసింది. పారిపోయే బలం దానికి లేదు. రెండో గుండుకి పడింది. పిల్లకి ఒకటే సరిపోయింది. కూర్చుండిపోయాను. గులోబ్‌షో నా చేతిలోంచి తుపాకీ తీసి పక్కన పెట్టి, తన కోటు నా మీద కప్పి, తవ్వడం మొదలుపెట్టాడు.

మర్నాటి నుంచి, నేను పిలవకుండానే, తుపాకులు అడిగిన ఏడుగురూ వంతులు వేసుకుని కొండెక్కారు. మూడు రోజులుగా పొద్దున్నించి చీకటిపడేదాకా రాళ్ల మధ్య కూర్చుని చెవులు రిక్కించి వింటున్నారు. దగ్గు వినబడలేదు. ఇరవై ఎనిమిది మిగిలాయి. బయటి మందను కాపరి తనంతట తానే దింపుకుపోయాడు. కాగితం సంగతి ఆసామితో తేల్చుకుంటానన్నాడు.

రోడ్డు తెరిచారు. రేపటి బండిలో తుపాకీతో, ఆ రెండిటి ఊపిరితిత్తుల ముక్కలు వేసిన రెండు సీసాలతో నేనే దిగి వస్తున్నాను. ఈసారి కాల్చినది నేనే కనుక ఫర్రుఖ్‌కి గళ్ల ఇబ్బంది ఉండదు. నా పేరు, మా నాన్న పేరు రాసుకోవచ్చు. లైసెన్సు గడి ఖాళీగా వదలమనండి.

ఒక్కటే మనవి. ఇక్కడ గుల్‌బహోర్ అనే అమ్మాయికి నెలలు నిండాయి. తొలి కాన్పు, బిడ్డ అడ్డం తిరిగి ఉంది. ఈ నెల ఇరవై అయిదో తేదీ దాటదు. ఊళ్లో వేరే నర్సు లేదు. కాబట్టి నన్ను అరెస్టు చేయడం, విచారించడం, శిక్ష వేయడం, వదలడం, అన్నీ ఇరవై నాలుగో తేదీ లోపల పూర్తి చేయాలి. మీ ఆఫీసుకి అలవాటు లేని పనే. అయినా తప్పదు.