పద్నాలుగో నిమిషంలో వెళ్ళిపోయినవాడు

పోర్ట్‌కార్నన్,
3 మార్చి 2009

లాక్లన్ ప్రింగిల్ గారికి,

పోర్ట్‌కార్నన్ పట్టణ చరిత్ర సంఘం కార్యదర్శి ఎల్స్‌పెత్ కారుథర్స్ నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

మీరు నన్నెరగరు. నేను మిమ్మల్ని ఎరుగుదును. 1969లో మా చర్చి హాల్లో మీ సాల్ట్ లాంతర్ బృందం మొట్టమొదటి కచేరీ చేసిన రోజు నేను వెనక గదిలో టీ కప్పులు కడుగుతున్నాను. మీ మొదటి పాట అందుకున్నప్పుడు మొదటి కప్పు పట్టుకున్నాను. అరవై కప్పులూ కడిగి, తుడిచి, బీరువాలో సర్ది బయటికి వచ్చేసరికి కూడా అదే పాట నడుస్తోంది.

ఆ కచేరీకి ఈ మే నెలతో నలభై ఏళ్ళు నిండుతాయి. హాలు గోడకి ఒక రాతి ఫలకం పెట్టించాలని మా సంఘం తీర్మానించింది. బృందాన్ని పెట్టింది కీబోర్డు వాయించే మీరూ, బేస్ గిటార్ వాయించే డౌగల్ ఇన్నెస్ గారూ అని మా దగ్గర రాసుంది. మీ చిరునామా దొరికింది గానీ ఆయనది దొరకలేదు. ఆయన సంగతి, ఈ నలభై ఏళ్ళలో బృందం సంగతి కాస్త రాసి పంపండి. ఒకసారి చెక్కాక రాతిని దిద్దలేం కదా, ఇప్పటినుంచే నాకు బెంగగా ఉంది. పోయినసారి జాలరుల స్మారకం మీద ఒక పడవ పేరులో అక్షరం తప్పు పడింది. ఆ పడవ కుటుంబం ఈనాటికీ బజార్లో నన్ను చూసి రోడ్డు దాటేస్తుంది.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
ఎల్స్‌పెత్ కారుథర్స్

తా.క. ఆవిష్కరణ రోజున మీ పాట ఒకటి వేయాలని అందరి కోరిక. టీ చల్లారేలోపు అయిపోయేది ఏదైనా ఉందా?


పెర్త్,
9 మార్చి 2009

కారుథర్స్ గారికి,

లాక్లన్ ప్రింగిల్ నమస్కారాలు. కవరు మీద సంఘం ముద్ర చూసి ఏ నోటీసో అనుకుని రెండు రోజులు విప్పలేదు. విప్పాక సంతోషం పట్టలేక గుండె దడ వచ్చింది. డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఇది మామూలు సంతోషమే, భయం లేదన్నాడు.

బృందం కథ పెద్దది. ఇప్పటికి పదిహేడు మంది వచ్చి వెళ్ళారు. డెబ్భైల్లో జర్మనీలో మూడేసి వేల మంది నేల మీద బాసింపట్టు వేసుకుని, కళ్ళు మూసుకుని మా పాట వినేవారు. నిద్రపోతున్నారేమోనని నాకు ఒకటే అనుమానంగా ఉండేది. డెబ్భయ్యేడు వచ్చేసరికి జుట్టు ముళ్ళలా నిక్కబొడుచుకున్నవాళ్ళు రెండేసి నిమిషాల పాటలతో దిగబడి మమ్మల్ని తాతల్ని చేసేశారు. అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. అయినా మేం మానలేదు. ఎనభైల్లో పెళ్ళిళ్ళలో వాయించాం. ఒక పెళ్ళిలో మొదటి పాట అయ్యేసరికి వధూవరులు హనీమూన్‌కి వెళ్ళిపోయారు. ఇప్పుడు నేనూ, డ్రమ్ములు వాయించే వాటీ, ఇద్దరు కొత్తవాళ్ళూ ఉన్నాం. కొత్తవాళ్ళు వచ్చి పంతొమ్మిదేళ్ళయింది.

డౌగల్ గురించి రాయబోయి రెండుసార్లు పెన్నుకి మూత పెట్టి లేచిపోయాను. వాడు మమ్మల్ని విడిచి వెళ్ళిపోయాడండీ. 1981 అక్టోబరులో, డండీలో, స్టేజి మీదే. ఇరవై మూడు నిమిషాల పాటలో పద్నాలుగో నిమిషం. నేను పక్కనే ఉన్నాను. వాడి ముఖం తెల్లగా పాలిపోయింది. గిటార్ మెల్లగా కింద పెట్టాడు. ఒక్క మాట లేదు. అంతే. మేం ఆపలేదు, మిగతా తొమ్మిది నిమిషాలూ వాయించేశాం. ఆపి ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తుంది. దానికి వారం ముందే మేమిద్దరం గట్టిగా పోట్లాడుకున్నాం. రేడియోవాళ్ళ కోసం ఆ పాటని నాలుగు నిమిషాలకి కత్తిరిద్దామన్నాను నేను. ఆ మాటే వాణ్ణి మాకు దక్కకుండా చేసింది.

ఇంతకన్నా రాయలేను.

మీ
లాక్లన్ ప్రింగిల్

తా.క. మా పాటల్లో బాగా చిన్నది ఒకటుంది, పదకొండు నిమిషాలు. కాకపోతే అది పెద్ద పాటకి ముందుమాట మాత్రమే.


పోర్ట్‌కార్నన్,
14 మార్చి 2009

ప్రింగిల్ గారికి,

ఎల్స్‌పెత్ నమస్కారాలు. బృందం వివరాలు పంపినందుకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

డౌగల్ ఇన్నెస్ గారు ఇక లేరన్న విషయం నిన్న మా సమావేశంలో అందరికీ తెలియజేశాను. లేచి నిలబడి మౌనం పాటించాం. దాన్ని గురించి ఎక్కువ రాసి మీ మనసు కష్టపెట్టడం నాకిష్టం లేదు. మీరూ నాకు వివరించి రాయనక్కర్లేదు. ఒక్క మాటే చెబుతాను. మే 16న జరిగేది ఉత్త ఫలకం ఆవిష్కరణగా కాకుండా ఆయన స్మారక సభగా జరపాలని నిర్ణయించాం. ఆయన గురించి మాట్లాడవలసినవారు మీరే. కాదనరని నమ్ముతున్నాను.

మీ దుఃఖంలో పాలుపంచుకుంటూ,
ఎల్స్‌పెత్ కారుథర్స్

తా.క. మౌనం ఒక్క నిమిషమే అనుకున్నాం. మా ఉపాధ్యక్షులు గిలెస్పీ గారి గడియారం ఆగిపోయిందని తెలిసేసరికి ఏడు నిమిషాలైంది. మీ బృందం లెక్కలో అది తక్కువే కావచ్చు.


పెర్త్,
23 మార్చి 2009

కారుథర్స్ గారికి,

మీ ఉత్తరం ముట్టింది. జవాబు ఆలస్యమైంది, మన్నించండి. నాలుగు రోజులు కీబోర్డు మీద కప్పిన గుడ్డ తీయలేదు. చూపు దాని మీద పడుతుందేమోనని వేరే గదిలో కూర్చుని అన్నం తిన్నాను.

ఆ గొడవ తర్వాత మా మధ్య మాటల్లేవు. ఆ గొడవ సంగతి మీకు రాశాను. నిన్న వాడి పాత నంబరుకి ఫోన్ చేశాను, ఎందుకు చేశానో నాకే తెలీదు. ఎవరో ఆడమనిషి ఎత్తి, ఆ పేరుగలాయన వెళ్ళిపోయి చాలా కాలమైందంది. ఎంత మామూలుగా అందో. వాటీని అడిగాను. నలభై ఏళ్ళు డ్రమ్ముల వెనక కూర్చున్నవాడికి ఏం వినపడుతుంది? ఏమడిగినా ‘అవునవును’ అంటాడు. దీనికీ అలాగే అన్నాడు.

ఒక్క సంగతి తెలిస్తే చెప్పండి. చివర్లో వాడు బాధపడ్డాడా?

సభలో నేనే మాట్లాడతాను. నేను కాకపోతే ఎవరు మాట్లాడతారు?

మీ
లాక్లన్

తా.క. నల్ల కోటు తీసి చూశాను, గుండీలు పట్టడం లేదు. వాడు చూస్తే నవ్వేవాడు. అది తలుచుకుని ఇంకా ఏడుపొచ్చింది.


పోర్ట్‌కార్నన్,
28 మార్చి 2009

ప్రింగిల్ గారికి,

మీరు ఆయన పాత నంబరుకి ఫోన్ చేశారని చదివాను. మా ఆయన పోయిన ఏడాది నేనూ రోజూ ఆయన చెప్పులు గుమ్మం దగ్గర పెట్టేదాన్ని. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు.

మీరడిగినదానికి, మీకు తెలియంది నాకేం తెలుస్తుంది? దగ్గరుండి చూసినవారి మాటే నాకూ ఆధారం. ఆయన నిలబడి ఉండగానే, సంగీతం మధ్యలో, ఎవరినీ ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయారట. బాధపడ్డట్టు ఆ చూసినవారు చెప్పలేదు. ఆ మాట పట్టుకుని ధైర్యంగా ఉండండి.

ఇక్కడ నా తిప్పలు వేరు. సభ గురించి పత్రికకి నాలుగు వాక్యాలు రాసి పంపితే, చోటు లేదని రెండు కోసేశారు. ‘సాల్ట్ లాంతర్ స్థాపకుల్లో ఒకరి స్మారక సభ’ అని వేశారు తప్ప ఎవరి సభో వేయలేదు. సవరణ వేయమంటే, బృందంలో ఎవరు పోయినా వాళ్ళ అభిమానులకి తెలిసే ఉంటుంది కదా అన్నాడు ఆ ఎడిటరు.

రాయి చెక్కేవారు ఆయన పుట్టిన సంవత్సరం అడుగుతున్నారు. దాని పక్కన చెక్కాల్సిన రెండో సంవత్సరం మా దగ్గరుంది.

ఉంటాను,
ఎల్స్‌పెత్

తా.క. ఎన్నడూ చర్చికి రానివారి కోసం ప్రార్థన చెయ్యాలా అని పాస్టరు గారు సందేహించారు. 1969లో ఆయన ఇదే హాల్లో మూడు గంటలు నిలబడ్డారని చెప్పాను. అది చాలు, పుణ్యమే అన్నారు.


పెర్త్,
6 ఏప్రిల్ 2009

ఎల్స్‌పెత్ గారికి,

వాడు పుట్టింది 1948లో. నాకన్నా పది రోజులు పెద్ద. ఆ పది రోజుల పెద్దరికం నా మీద పన్నెండేళ్ళు చలాయించాడు.

ఉపన్యాసం ఆరుసార్లు రాసి చింపేశాను. ప్రతిసారీ ఒకచోటే ఆగిపోతున్నాను. ఇన్నేళ్ళూ తప్పు వాడిదేనని ఊరంతా చెప్పుకు తిరిగాను. పత్రికలవాళ్ళకీ అదే చెప్పాను. నిజానికి ఆ పాటలో ఒక్క నిమిషం కూడా తీసెయ్యడానికి లేదని నాకప్పుడే తెలుసు. రేడియోలో నా పేరు వినాలని ఆశపడ్డాను. వాడు బతికుండగా ఒక్క ఉత్తరం రాసి ఈ మాట చెప్పి ఉంటే సరిపోయేది. పెద్ద పనేం కాదు. మీకు ఇప్పటికి మూడు రాశాను.

ఈ మాట నలుగురి ముందూ చెప్పగలనో లేదోనని భయంగా ఉంది.

మీ
లాక్లన్

తా.క. వాటీ కూడా వస్తున్నాడు. దయచేసి ఎవరూ మధ్యలో చప్పట్లు కొట్టొద్దని చెప్పండి. పాట అయిపోయిందనుకుని లేచి వెళ్ళిపోతాడు.


పోర్ట్‌కార్నన్,
14 మే 2009

లాక్లన్ గారికి,

చాలా సిగ్గుగా రాస్తున్నాను. ఫలకం మీద తెర సరిగ్గా వేలాడుతోందో లేదోనని కుర్చీ ఎక్కి చూడబోయి పడ్డాను. చీలమండ విరిగింది. ఎయిర్ పట్టణం ఆసుపత్రిలో ఉన్నాను. ఎల్లుండి సభకి రాలేను. మిమ్మల్ని గిలెస్పీ గారు ఎదురొచ్చి తీసుకెళతారు. మన ఉత్తరాల ఫైలు ఆయనకి ఇచ్చాను. ఏదన్నా తేడా వస్తే చూసుకోమన్నాను.

అక్కడ ఏం జరిగిందో ఒక్క ముక్క వదలకుండా రాయండి. తెలిసేదాకా నాకు స్థిమితం ఉండదు.

ఎల్స్‌పెత్

తా.క. పడేటప్పుడు తెర పట్టుకుని వేలాడాను. ఫలకం ఊడలేదు. కాబట్టి గట్టిగానే బిగించారు.


పెర్త్,
19 మే 2009

ఎల్స్‌పెత్ గారికి,

ముందుగా మీరు మంచం మీదే ఉన్నారా? ఉంటే చదవండి. లేకపోతే వెళ్ళి పడుకుని చదవండి.

శనివారం ఉదయం పదకొండింటికి హాలు నిండింది. పాస్టరు గారు ప్రార్థన చేశారు. గిలెస్పీ గారు నన్ను పిలిచారు. కాగితం తీశాను గానీ అక్షరాలు కనపడలేదు. ఇక కాగితం మడిచేసి, తప్పు నాదేనని మొదలుపెట్టాను. రేడియో మీద నా ఆశ గురించి చెప్పాను. వాడు ఎక్కడున్నా నన్ను క్షమించాలి అన్నాను.

వెనక వరసలో నల్ల కోటు తొడుక్కున్న మనిషి ఒకడు లేచి నిలబడ్డాడు. తెల్ల గడ్డం. చేతిలో పూలగుచ్ఛం. అంత దూరం నుంచీ కూడా ఆ భుజాలు చూడగానే పోల్చుకున్నాను.

‘‘లాకీ, నువ్వు చచ్చిపోయావని వచ్చానురా నేను,’’ అన్నాడు డౌగల్.

నేను బల్ల పట్టుకున్నాను. నా నోట్లోంచి ఏం వచ్చిందో తెలుసా?

‘‘కాదు, పోయింది నువ్వు. రాయి మీద కూడా చెక్కించారు,’’ అన్నాను.

వాడు ఓర్క్‌నీ దీవుల్లో ఉంటున్నాడట, ఇరవై ఏళ్ళుగా. పత్రికలో ‘స్థాపకుల్లో ఒకరి స్మారక సభ’ అన్న ముక్క ఎవరో కత్తిరించి పంపారట. స్థాపకులు ఇద్దరే. తను పోలేదు, కాబట్టి పోయింది నేనే అనుకున్నాడు. ఓడెక్కి, మూడు రైళ్ళు మారి వచ్చాడు. నా పేరు మీద ఉపన్యాసం కూడా రాసుకొచ్చాడు. నేను వేదిక ఎక్కేసరికి, దుఃఖంలో తనకి మతి చలించిందని అనుకున్నాడట.

వాటీ డౌగల్‌ని తేరిపార చూసి, ఆలస్యంగా వచ్చావేం అన్నాడు. వాడికి ఇందులో వింతేమీ కనపడలేదు.

అప్పుడు గిలెస్పీ గారు తెర లాగారు. లాగకుండా ఉండాల్సింది. డౌగల్ ఫలకం దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు పెట్టుకుని 1948 నుంచి 1981 దాకా చదివాడు. ఎనభై ఒకటిలో నన్నెవరు చంపారని మర్యాదగానే అడిగాడు. గిలెస్పీ గారు ఫైలు తెరిచి నా మార్చి 9 నాటి ఉత్తరం పైకి చదివారు. విడిచి వెళ్ళిపోయాడు, ముఖం పాలిపోయింది, మేం ఆపలేదు... చదువుతుంటే ఒక్కొక్కరే నా వైపు తిరిగారు. దగ్గరుండి చూసినవారు ఎవరో నాకప్పుడు అర్థమైంది. మీ తప్పు ఏమీ లేదండీ. వాణ్ణి నేనే చంపి, మీ దగ్గర వార్త విని, నేనే ఏడ్చాను.

తర్వాత మమ్మల్నిద్దరినీ వెనక గదిలో టీ ఇచ్చి కూర్చోబెట్టారు. వాడు తన కాగితం నా చేతిలో పెట్టి, నీకోసం రాసిందే కదా, చదువు అన్నాడు. అందులో మొదటి సగం నన్ను పొగిడాడు, పోయినవాళ్ళని పొగిడినట్టు. రెండో సగం చదివి నేను కాగితం కింద పెట్టేశాను.

వాడు వెళ్ళిపోయింది నాలుగు నిమిషాల గొడవకి కాదు. ఆ పాట పద్నాలుగో నిమిషంలో తాళం పదమూడు దెబ్బల నుంచి పదకొండుకి మారుతుంది. ఆ రోజు వాడికి లెక్క తప్పింది. ఎక్కడున్నామో తెలియలేదు. ఎంత వెతికినా తిరిగి అందుకోలేకపోయాడు. నలుగురిలో తప్పు వాయించలేక గిటార్ కింద పెట్టి వెళ్ళిపోయాడు. మర్నాటికి పత్రికలు, కళ కోసం రాజీపడని మనిషి అని రాసేశాయి. ఇక నిజం చెప్పడానికి మొహం చెల్లలేదట. ఇరవై ఎనిమిదేళ్ళు.

‘‘నన్ను తిట్టుకుంటున్నావని తెలుసు. తిట్టుకోనీ అనుకున్నాను. లెక్క రానివాడన్న పేరు కన్నా అదే నయమనిపించింది,’’ అన్నాడు.

నాకు నవ్వాలో కొట్టాలో తెలియలేదు. నేను కూడా చెప్పేశాను, ఏం దాచుకోను? ‘‘నాకు తొమ్మిదో నిమిషంలోనే లెక్క పోయేదిరా, ప్రతిసారీ. నీ కాలు చూసుకుంటూ వాయించేవాణ్ణి.’’

వాడు టీ కప్పు కింద పెట్టాడు. ‘‘నేను నీ తల ఊపడం చూసి కాలు వేసేవాణ్ణి,’’ అన్నాడు.

ఇద్దరం వాటీ దగ్గరికి వెళ్ళి, చెవి దగ్గర అరిచి అడిగాం, మరి నువ్వెలా లెక్క పెట్టేవాడివని. వాడు మాంసం కూరిన పేస్ట్రీ నముల్తూ, మీరిద్దరూ అంత నమ్మకంగా కనపడితే ఇంక నేను లెక్కపెట్టడం ఎందుకనుకున్నాను అన్నాడు. అన్నేళ్ళు జర్మనీవాళ్ళు కళ్ళు మూసుకుని విన్నది ఇదన్నమాట.

డౌగల్ మా ఇంట్లోనే ఉన్నాడు. నిన్నటినుంచీ ఇద్దరం బల్ల మీద వేళ్ళతో ఆ పద్నాలుగో నిమిషం మొదటిసారిగా లెక్కపెట్టుకుంటున్నాం. ఈసారి నిజంగా వస్తోంది. కానీ వచ్చాక అంత బాగా లేదు. ఆ ముక్క తీసెయ్యాలేమోనని వాడే అన్నాడు.

మీ కాలు త్వరగా బాగుపడాలని కోరుతూ,
ఇంకా బతికే ఉన్న
లాక్లన్, డౌగల్

తా.క. ఫలకం మార్చించొద్దని డౌగల్ మిమ్మల్ని మరీ మరీ బతిమాలుతున్నాడు. ఎనభై ఒకటి తర్వాత మేం చేసిన రికార్డులు నిన్న వినిపించాను. వాటిలో తన పాపం ఏమీ లేదని చెప్పడానికి రాతి సాక్ష్యం ఉండాలట.