బయాలజీ మానేశాను, డాక్టరీ కాదు

బిల్లింగ్స్, మోంటానా
అక్టోబరు 14, 1978

నాన్నా, ఒంట్లో బాగానే ఉంది. కార్డు చిన్నది, నేరుగా విషయానికి వస్తున్నాను.

శనివారాలు ఇక్కడి ఆసుపత్రిలో సాయానికి వెళ్తున్నాను కదా. మొన్న చక్కెర దుంపల పొలాల్లో పనిచేసే మెక్సికో ఆవిడ వచ్చింది. డాక్టర్ హెల్‌స్టెడ్ ఇంజెక్షన్ చెయ్యబోతే చెయ్యి లాక్కుంటూ ఒకటే మాట అంటోంది. సూదికి భయమనుకున్నారంతా. నాకు వచ్చిన కాస్త స్పానిష్‌తోనే అర్థమైంది: పెన్సిలిన్ తనకు పడదట! చెప్పగానే ఆయన సూది పక్కన పెట్టేశారు.

తర్వాత, "ఏం చదువుతున్నావమ్మాయ్?" అన్నారు.

"బయాలజీ అండీ. స్పానిషే ఇష్టం గానీ, డాక్టర్నవ్వాలి కదా!"

"దానికి బయాలజీయే చదవాలని ఎవరన్నారు? నేను చదివింది చరిత్ర. మెడికల్ కాలేజీవాళ్లు అడిగే సైన్సు క్లాసులు వదలకు, మార్కులు తెచ్చుకో. డిగ్రీ దేంట్లోనైనా ఒకటే, మెడికల్ కాలేజీ దాని తర్వాతే కదా."

సోమవారం స్పానిష్‌కు మారుతూ సంతకం పెట్టేశాను. కెమిస్ట్రీ మానలేదు, ఒట్టు. మన ఊరి పోస్టాఫీసులో మిసెస్ టోర్వాల్డ్ ఈ కార్డు చదివి చర్చిలో చాటేలోపు అమ్మకు నువ్వే నెమ్మదిగా చెప్పు.

నా ఉన్ని మేజోళ్లు పంపించు. కుంటి గొర్రె కాలు నయమైందా? తాతయ్య మందులు వేసుకుంటున్నాడా? ఆయనకూ తమ్ముడికీ నా ముద్దులు.

ముందుగా నిన్ను అడగలేదు నాన్నా. అడిగితే నా కోసం సరే అనేస్తావు, నీ మనసులో ఏముందో నాకెప్పటికీ తెలియదు. ఆదివారం ఫోన్ చెయ్యి. తిట్టాలనిపిస్తే తిట్టు, వింటాను.

నీ సిగ్రిడ్