తమ్ముడు బయలుదేరేలోపు

ఒనోమిచి, మంగళవారం

అమ్మా,

మేమిద్దరం క్షేమంగానే చేరాం, చదువుతూ కంగారు పడకు. నిన్న సముద్రం మీది వంతెన ఎక్కేసరికి గాలి జోరందుకుంది. కారు పైన సైకిళ్ళు కిర్రుమంటుంటే మీ అల్లుడు "ఆపి చూద్దామా" అన్నారు. "నా చేత్తో బిగించానుగా, పోనివ్వండి" అని కసిరాను. వెనక లారీ ఒకటే హారన్. వంతెన దిగి ఆపితే, లారీ ఆయన దిగొచ్చి "ఏమ్మా, సైకిలు తొక్కేది రోడ్డు మీదా, జనం నెత్తి మీదా?" అన్నాడు. చూద్దును కదా, నాన్న సైకిలు ఒరిగిపోయి ఒక్క పట్టీకి వేలాడుతోంది. మా వెనకే బైకు మీద ఎవరో అమ్మాయి వస్తోందట. ఆ హారన్ ఆమెని తప్పించడానికట.

నీ మోకాలు ఎలా ఉంది? ఊరగాయకి ఉప్పులో వేసిన పుల్లటి ఉమె కాయలు ఎండబెట్టావా?

శనివారం తమ్ముడు తొమోహిసా కూడా పిల్లల సైకిళ్ళు వేసుకుని ఈ దారినే వస్తాడుగా. ఫోన్ చేసి జాగ్రత్త చెబితే "నీదంతా భయమే అక్కా" అని నవ్వేశాడు. నువ్వే దగ్గరుండి పట్టీలన్నీ మళ్ళీ బిగింపించు. వాడి కారు మీద సైకిళ్ళ స్టాండు అమర్చింది కూడా నేనేనమ్మా. నేను బిగించిందే ఊడిందని వాడితో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మీరంతా చల్లగా ఉండాలి.

నీ కజుయో