గుమ్మంలో నీలం కోటు

క్లార్క్స్‌విల్, టెనెసీ
2004 అక్టోబరు 11, సోమవారం

ప్రియమైన తమ్ముడు కర్టిస్‌కు,

మీ అక్క వాండా వ్రాయునది. అందరం క్షేమమని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. మోకాళ్ళు తప్ప అమ్మ బాగుంది. నేను తోలే స్కూలు బస్సు బాగుంది, అందులోని కోతిమూక ఇంకా బాగుంది. నేనే బాగాలేను. నీ ఉత్తరం వచ్చి ఆరు రోజులైంది. ఆరు రోజులుగా ఫోను మోగితే చాలు, నువ్వేనేమోనని తీయకుండా పెరట్లోకి పోతున్నాను.

నిన్ను ఆ పనిలో వేశారని రాశావు. యుద్ధంలో పోయినవాళ్ళ ఇళ్ళకి నీలం కోటు తొడుక్కుని వెళ్ళి, తలుపు తట్టి, కబురు చెప్పే పని. వచ్చే సోమవారం నుంచి ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెళ్ళాలట. నన్నడిగింది ఒక్కటే: చిన్నప్పుడు జపానులో, ఒకినావా దీవిలో ఇల్లు తప్పి మన గుమ్మంలోకి వచ్చిన నీలం కోటువాడు క్షమాపణైనా చెప్పాడా, గుర్తుందా అని. “వాడిలాంటి వెధవని మాత్రం కానక్కా, ఇంటి నంబరు మూడుసార్లు చూసుకుంటాను” అని కూడా రాశావు. అక్కడిదాకా చదివి ఉత్తరం మడిచేశాను.

జవాబు చెబుతాను. చెప్పాక నాకు తమ్ముడు మిగులుతాడో లేదోనన్న భయంతో కొంచెం చుట్టు తిరిగి వస్తాను, ఓర్చుకో.

ఒకినావాలో కార్లన్నీ ఒక్క పొద్దులో రోడ్డుకి కుడివైపు నుంచి ఎడమవైపుకి మారిన వేసవి నీకు గుర్తుందా? నీకు ఆరేళ్ళు, నాకు పదమూడు. నాన్న పటాలంతో ఓడెక్కి ఆరు నెలల పనికి పోయాడు. సైనిక బేస్ లోపల ఇల్లు దొరక్క ఊళ్ళో ఆ సిమెంటు కొంపలో ఉండేవాళ్ళం. గోడల నిండా బల్లులు, పిట్టల్లా అరిచేవి. పొద్దున్నే టోఫూ బండివాడు బూర ఊదితే చొక్కా లేకుండా పరిగెత్తేవాడివి. పక్కింటి కమదో అవ్వ ముప్పై ఏళ్ళు బేస్ లాండ్రీలో మన సైనికుల చొక్కాలు ఉతికి, వాళ్ళ దగ్గరే ఇంగ్లీషు నేర్చుకుంది, తిట్లతో సహా. నీ చేతిలో నల్లబెల్లం ముక్క పెట్టి, “తినరా దొరబాబూ, మీ అక్కకి పెట్టకు, దానికి నోటి తీట ఎక్కువ” అనేది. అంతకన్నా సుఖంగా నేనెక్కడా బతకలేదు తమ్ముడూ, ఇది అబద్ధం కాదు.

ఆగస్టులో సందు చివర ప్రూయిట్ గారింటికి ఇద్దరు వచ్చారు. ఒకడు నీలం కోటు, ఒకడు పాదిరి. ఆయన భార్య వాళ్ళని చూసి మాట వినకుండానే తలుపు వేసేసింది, వేసేస్తే నిజం కాదన్నట్టు. వారంలో ఇల్లు ఖాళీ. సామాను సర్దేవాళ్ళు చెత్తబుట్టని చెత్తతో సహా కాగితం చుట్టి పెట్టెలో పెట్టారు. నేను పగలబడి నవ్వాను. నువ్వు నవ్వలేదు.

సెప్టెంబరులో తుఫాను హెచ్చరిక వచ్చింది. మధ్యాహ్నానికే ఆకాశం చింతపండు రంగుకి తిరిగింది. అమ్మ స్నానాల తొట్టి నిండా నీళ్ళు పడుతోంది. అప్పుడు తలుపు చప్పుడైంది. నువ్వు తీశావు. వానలో నీలం కోటు, తెల్ల టోపీ కళ్ళదాకా దించుకుని ఒక మనిషి. నువ్వు ఆ మనిషిని చూడలేదురా. ఆ మనిషి వెనక రెండోవాడి కోసం చూశావు. చూసి, తాడు మీంచి జారిన బట్టలా పడిపోయావు. తడి చేతులతో పరిగెత్తుకొచ్చిన అమ్మ, ఆ కోటు చూసి గోడకి ఆనుకుని కూలబడింది.

నీకు తెలివి వచ్చింది గానీ మాట రాలేదు. తుఫాను వచ్చి వెళ్ళింది, మాట రాలేదు. బేస్ డాక్టరు గొంతులో లైటు వేసి చూసి, “అంతా శుభ్రంగా ఉందమ్మా, మొండితనం, అంతే” అన్నాడు. అమ్మ నీ చెవిలో రోజుకి వందసార్లు, “నాన్న బాగున్నాడురా, ఆయన ఇల్లు తప్పి వచ్చాడు” అని చెప్పేది. నువ్వు చేప కళ్ళతో చూసేవాడివి. వీడిక జన్మలో మాట్లాడడని నాకు అన్నం దిగేది కాదు.

కమదో అవ్వ మాత్రం మొదటి రోజే చెప్పింది. “భయానికి పిల్లాడి ప్రాణం గుమ్మంలో జారిపడింది. పడినచోట రాళ్ళు ఏరి వెతకాలి గానీ ఆసుపత్రిలో దొరుకుతుందటే?” అంది. “ఏసుప్రభువుండగా నాకీ రాళ్ళపూజలెందుకు పెద్దమ్మా” అంది అమ్మ. “ఆయన్నీ పిలువు, వద్దన్నానా? ఇరుగ్గా ఉంటే నేను జరుగుతాను” అంది అవ్వ. పదకొండో రోజు అమ్మే చెప్పులు కూడా వేసుకోకుండా అవ్వ గేటు దగ్గరికి వెళ్ళింది.

అవ్వ గుమ్మం ముందు మూడు గులకరాళ్ళు ఏరింది. వాటిని నీ చొక్కాలో చుట్టి నా చేతికిచ్చి, “నువ్వే పిలవాలి. నీ గొంతు వాడికి తెలుసు” అంది. నా ముఖంలోకి ఎలా చూసిందంటే, ముసలిదానికి అంతా తెలుసని నాకు అప్పుడే అర్థమైంది. గుమ్మం వైపు తిరిగి పిలిచాను. రారా కర్టిస్, ఇంట్లోకి రా అని. చొక్కా తెచ్చి నీకు తొడిగాం. కాసేపటికి నీ నోటినుంచి మొదటి మాట వచ్చింది:

“అమ్మా, ఆయన సరైన ఇంటికి వెళ్ళాడా?”

అమ్మ ఏడుపు ఆపుకుని, వెళ్ళాడు నాన్నా అంది. నెలంతా నువ్వు స్కూల్లో ఒక్కొక్క పిల్లాడి ముఖంలోకి చూసేవాడివి, ఎవడి నాన్న పోయాడోనని. అవ్వ పెట్టిన బెల్లం తినకుండా వాళ్ళకి పంచేవాడివి. నిరుడు క్రిస్మస్‌కి కూడా తాగి, “ఆ పిల్లాడు ఇప్పుడెక్కడున్నాడో” అన్నావు.

ఆ పిల్లాడు లేడురా. ఆ మనిషి ఏ ఇంటికీ వెళ్ళలేదు. నాన్న బీరువాలో కోటు వేలాడదీసి, తువ్వాలుతో జుట్టు తుడుచుకుని, నీ పక్క మంచం మీద పడుకున్నాడు. పదమూడేళ్ళకే తాటిచెట్టులా పెరిగిన నేనే ఆ మనిషిని. అమ్మ నా ముఖం చూశాక చెంప పగలగొట్టింది. నీకు చెబితే ఇంకా బెదిరిపోతావని అప్పుడు, వచ్చిన మాట మళ్ళీ పోతుందని తర్వాత, ఒట్టు వేయించుకుంది. ఇరవయ్యారేళ్ళు ఒట్టు వెనకాల దాక్కున్నాను.

ఊళ్ళో పాస్టరు గారి టోపీలో కప్పని పెట్టినదాన్ని, నీ పెళ్ళి కేకులో సబ్బు పెట్టినదాన్ని, ఈ ఒక్కటి ఒప్పుకోవడానికి నాలుగు కాగితాలు చించేశాను. తిట్టు. ఫోను చెయ్యడం మానెయ్యి. కానీ లేని వెధవ మీద కోపాన్ని జేబులో పెట్టుకుని ఆ గుమ్మాలకి వెళ్ళకు. తలుపు తీసేవాళ్ళలో చిన్నపిల్లలుంటే ముందు మోకాళ్ళ మీద కూర్చో. అంతకన్నా నాకు తెలియదు. నీకు తెలుసు.

తప్పుచేసిన నీ అక్క,
వాండా

తా.క. నిన్ను భయపెట్టడానికే చేశానని అమ్మ అనుకుంది. అవునన్నాను. నాన్న కోసం బెంగపెట్టుకున్న పిల్ల అనిపించుకోవడం కన్నా కొరివిదయ్యం అనిపించుకోవడం నయమనిపించింది. తుఫానుకి ముందే నాన్న వచ్చేస్తాడేమోనని ఆ రోజు పొద్దుట్నుంచి నువ్వు కిటికీ వదల్లేదు. ఒక్క నిమిషం నాన్న వచ్చాడనుకుంటావని ఆ కోటు వేసుకున్నాను. నాన్న ఎప్పుడూ ఆకుపచ్చ బట్టల్లోనే ఇంటికొస్తాడని, నీలం కోటు ఇంకెవరిదో అని నాకు తట్టలేదు, ఆరేళ్ళ నీకు తట్టింది. నువ్వు తలుపు తీయగానే ఎత్తుకుందామని చేతులు చాచాను. కోటు చేతులు పొడుగై వేళ్ళు కప్పేశాయి, నీకు కనబడి ఉండవు.