మూడో అంకం వరండాలో

విడవలూరు, 9 ఆగస్టు 1961, బుధవారం రాత్రి

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. రోజూలాగే లేడీస్ రూములో కాచుకుని కూర్చుని, తెలుగు లెక్చరరు గారి వెనకాలే కోడిపిల్లల్లా బి.ఎ. క్లాసుకు వెళ్లాం, నేనూ మస్తాన్‌బీ. ఆయన గుమ్మంలోనే ఆగారు.

"నాటకం మూడో అంకంలో శృంగార పద్యాలుండాయమ్మా. మీరిద్దరూ వరండాలో ఉండండి, అయినాక పిలస్తా."

నిలబడ్డాం. లోపల నాయిక పద్యాలను మీసాల సుబ్బరామయ్య గొంతు సన్నం చేసుకుని చదివాడు. క్లాసంతా ఒకటే నవ్వు! భర్త కోసం ఎదురుచూస్తూ ఆమె ఏడుస్తూ చెప్పే పద్యాలవి. నిన్న ఇంట్లో చదివి నేనూ ఏడ్చాను. ఇందులో మేం వినకూడనిది ఏముంది? వాళ్లు నవ్వాల్సింది ఏముంది?

గంట కొట్టి ఆయన బయటికి రాగానే మస్తాన్‌బీ అడిగేసింది.

"ఆ పద్యాలు చెప్పింది ఆడమనిషే గదా సార్. ఆమెను గూడా బయటికి పంపించినారా?"

ఆయన పుస్తకం చంకలో పెట్టుకుని జవాబిచ్చారు.

"పరీక్షలో అది చాయిస్‌కి వదిలేయండమ్మా. రేపు నాలుగో అంకం. దానికి మాత్రం మీరు తప్పకుండా లోపల ఉండాల."

ఇప్పుడే పుస్తకం తీసి చూశాను. నాలుగో అంకంలో ఆమెకు ఒక్క పద్యం కూడా లేదు. భర్త తిడుతుంటే తలవంచుకుని నిలబడుతుంది.