పందిరి రెండో కొస

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీర్వదించి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేను క్షేమం. వార్డులో నాతో ఉన్నవాళ్ళు క్షేమం, నర్సులు క్షేమం, గుమ్మానికి వేసిన తాళం అందరికన్నా క్షేమం. అక్కడ నువ్వూ మరదలూ పాపా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. "క్షేమం క్షేమం అని రాయకక్కా, నిజం రాయి" అన్నావు కిందటి ఉత్తరంలో. నిజమే రాస్తాను, కాస్త ఓపిక పట్టు. బస్సులో జనం ఎంత గోల పెట్టినా నువ్వు స్టాపు వచ్చాకే ఆపుతావు కదా, నేనూ అంతే.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. తింటున్నాను. ఉప్పు లేదు, కారం లేదు, వేడి అసలే లేదు. అయినా తింటున్నాను, తినకపోతే దాన్ని కూడా జబ్బు కిందే రాసుకుంటారు. నిద్ర పడుతోంది. వీళ్ళిచ్చే మాత్ర వేస్తే ఏనుగైనా పడుకుంటుంది. షాపు తాళంచెవి పక్క షాపు చెప్పులాయన దగ్గరే ఉండనీ. నీకు ఫోన్ చేసి పిలిపించింది ఆయనేనని నాకు తెలుసు. ఆయన మీద నాకేమీ లేదని చెప్పు. పొట్టి చేయమని ఇచ్చిన ఆయన ప్యాంటును కూడా నేను ముక్కలు చేశానట, ఆ కోపం ఆయనకి ఉంటే ఉండనీ.

నీ మీద కోపమా అని అడిగావు. ఉంది. లేదని రాస్తే నువ్వు నమ్మవు, నేనూ నమ్మను. ఆ మధ్యాహ్నం ఇద్దరు డాక్టర్లనీ ఒక సోషల్ వర్కర్నీ నా షాపులోకి తీసుకొచ్చి, బయట పోలీసు జీపు పెట్టించి, "అక్కా, వీళ్ళు నీతో మాట్లాడటానికి వచ్చారు" అన్నావు. మాట్లాడటానికి వచ్చేవాళ్ళు జీపు వేసుకుని వస్తారా? వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. నేను అందరి కొలతలూ తీసుకునేదాన్ని, ఆ రోజు అందరూ నా కొలతలు తీసుకున్నారు.

ఈ తంతు ఎలా నడుస్తుందో ఇక్కడికొచ్చాక పూర్తిగా తెలిసింది. ఇంటివాళ్ళు సంతకం పెట్టి అడగాలి. ఇద్దరు డాక్టర్లు ఎవరికి వారు చూసి ఔనని రాయాలి. ఆసుపత్రి తప్ప వేరే దారి లేదని సోషల్ వర్కర్ కూడా ఒప్పుకోవాలి. ముగ్గురూ సరేనంటే మనం వద్దు మొర్రో అన్నా తీసుకుపోతారు. కొన్నాళ్ళు పెట్టి చూస్తారు, ఆ తర్వాత వదిలేస్తారు, లేదా పొడిగిస్తారు. ఇందులో నేను సరేననాల్సిన చోటు ఎక్కడుందా అని వెతికాను. లేదు.

ఆ పెద్ద డాక్టర్ సంగతి నీకు గుర్తుందా? ఈ రోజు ఏ వారం, నిద్రపోయి ఎన్నాళ్ళయింది, ఎవరైనా మిమ్మల్ని వెంటాడుతున్నట్టుందా అని ఆయన వరసగా అడుగుతుంటే నా కళ్ళు ఆయన కోటు మీదే ఉన్నాయి. ఎడమ భుజం జారిపోయింది, చంక దగ్గర లైనింగు ఊడి వేలాడుతోంది. అలాంటిది కనబడితే ఏ టైలరైనా ఏం చేస్తుంది? పట్టుకుని తిరగేసి లోపలి కుట్టు చూస్తుంది. నేనూ తిరగేశాను. పాపం, ఆయన ఎగిరి రెండడుగులు వెనక్కి వేశాడు. "డాక్టర్ దుస్తులు పట్టుకుని లాగింది" అని రాసుకున్నారు. ముప్ఫయ్యేళ్ళుగా నాకు కూడు పెట్టిన అలవాటు వాళ్ళ కాగితంలో రోగలక్షణమై కూర్చుంది. బట్టని తిరగేయకుండా ఉండగల టైలర్ని ఒక్కదాన్ని చూపించమను, జీవితాంతం ఇక్కడే ఉండిపోతాను.

వచ్చిన రోజే నా దగ్గర బెల్టు తీసుకున్నారు, బూట్ల లేసులు తీసుకున్నారు, మెడలో కొలత టేపు తీసుకున్నారు. టేపు లేకపోతే ఈ మెడ నాది కానట్టుంది. డాక్టర్లు వార్డులోకి వచ్చినప్పుడు నా మంచం దగ్గర నిలబడి నర్సుని అడుగుతారు, "ఈవిడకి నిద్ర ఎలా ఉంది?" అని. మొదటిసారి ఊరుకున్నాను. రెండోసారి, "ఈవిడ ఇక్కడే ఉంది సార్, ఈవిడకి నోరు కూడా ఉంది" అన్నాను. పక్క మంచం మీద రేడియో పిన్ని ఉంటుంది. పూర్వం రేడియోలో వార్తలు చదివేదట. ఆవిడ వెంటనే గొంతు సవరించుకుని, "వార్తలు. ఈవిడకి నోరు ఉన్నట్టు అధికారికంగా ధ్రువీకరించారు" అని చదివింది. నర్సు కూడా నవ్వేసింది. అప్పట్నుంచి నన్నే అడుగుతున్నారు.

మందు మొదలుపెట్టాక చెయ్యి వణకడం మొదలైంది. "అలవాటవుతుందిలెండి" అన్నాడు చిన్న డాక్టర్. "నాకవుతుందేమో, సూదికి అవదు. చెయ్యి వణికితే నాకు బువ్వ లేదు. ఇంకో మందు చూడండి, లేదా దీన్ని తగ్గించండి" అన్నాను. ముఖం చిట్లించుకున్నాడు గానీ తగ్గించాడు. ఇప్పుడు ఒకటో రెండో ప్రయత్నాల్లో దారం ఎక్కించగలుగుతున్నాను. సూది నర్సుదే, ఆవిడ పక్కన కూర్చుంటేనే ఇస్తారు. ఇదేదో చిన్న విషయమనుకోకు, పోట్లాడి గెలుచుకున్నాను.

ఇక నీ పెద్ద ప్రశ్న. దగ్గరి బంధువుగా నన్ను వదిలేయమని కాగితం పెట్టే హక్కు నీకుందని ఎవరో చెప్పారట. పెట్టేయనా అని అడిగావు. పెట్టకు. నువ్వు పొమ్మంటే లోపలికి రావడానికీ, రమ్మంటే బయటికి పోవడానికీ నేనేమన్నా నీ బస్సు ఎక్కిన ప్యాసింజర్నా? నా అప్పీలు నేనే పెట్టుకున్నాను. దాని విచారణ మొన్న జరిగింది. నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నది అందుకే.

విచారణ అంటే కోర్టు కాదు. ఈ ఆసుపత్రిలోనే, కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేర్చి పెట్టుకునే గదిలో ఒక బల్ల వేశారు. ముగ్గురు కూర్చున్నారు. ఒకాయన జడ్జి. ఒకాయన వేరే ఆసుపత్రి డాక్టరు. మూడో మనిషి లాయరూ డాక్టరూ కాకుండా మామూలు మనిషి అయ్యుండాలట. వచ్చినావిడ రిటైరైన లెక్కల టీచరమ్మ. నాకు ఫీజు లేకుండా ఒక లాయరమ్మని ఇచ్చారు. వయసు చిన్నది, నోరు పెద్దది, చూడగానే నచ్చింది.

ఆ పెద్ద డాక్టర్ తన కోటు సంగతితో సహా అంతా చదివాడు. నేను నిద్రాహారాలు మానేసి ఖాతాదారుల బట్టలన్నీ కోసి కుప్ప పోశానన్నాడు, షాపు మూసుకుని లోపల అరుస్తున్నానన్నాడు. మా లాయరమ్మ లేచింది. "ఆమె కోసింది బట్టని, మనుషుల్ని కాదు. నష్టపోయినవాళ్ళకి బట్ట కొనిస్తుంది. ఎవరినీ కొట్టలేదు, తనకి తాను ఏ హానీ చేసుకోలేదు. ఇప్పుడు తింటోంది, పడుకుంటోంది, మందు వేసుకుంటోంది. ఇంకా తాళం ఎందుకు?" అంది. జడ్జి తలూపాడు. తమ్ముడూ, ఆ తల ఊపడం చూసి నేను మనసులో చెప్పులు కూడా వేసేసుకున్నాను.

అప్పుడు టీచరమ్మ తొలిసారి నోరు తెరిచింది.

"ఆ బట్టలన్నీ ఎందుకు కోశారమ్మా?" అంది.

"పందిరి కుట్టడానికండీ. మా వీధి మొత్తానికి నీడపట్టుగా ఒకే పందిరి" అన్నాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది. ఆ రోజుల్లో మాత్రం అంతకన్నా తెలివైన ఆలోచన లోకంలో లేదనిపించింది. ఒళ్ళంతా దీపాలు పెట్టినట్టుండేది. నా చేతులు మిషన్ కన్నా జోరుగా నడిచేవి. అంత సంతోషంగా నేనెప్పుడూ లేను. ఈ మాట ఇక్కడ ఎవరికీ అర్థం కాదు, అందరూ నన్ను ఏదో బాధ నుంచి కాపాడామనుకుంటారు.

"ఒక కొస ఎదురుగా లైటు స్తంభానికి కట్టి ఉందని రాశారు. పందిరికి ఇంకో కొస ఉండాలి కదా. అదెక్కడ కట్టాలనుకున్నారు?" అంది టీచరమ్మ.

ఇంకో స్తంభానికి అంటే సరిపోయేది. లాయరమ్మ నా వైపే చూస్తోంది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నీ ఉత్తరం అడ్డుపడింది. "నాలుగు గుడ్డలు కోసిందని సొంత అక్కని తాళం వెనక పెట్టించాను, స్టీరింగ్ పట్టుకుంటే చేతులు ఆడటం లేదు" అని రాశావే, ఆ మాట. నేను అబద్ధమాడి బయటికొస్తే నీకది జన్మంతా నిజమైపోతుంది.

"మా షాపు మేడ మీద" అన్నాను. "మూడో అంతస్తు పైన పిట్టగోడకి. కొస పట్టుకుని గోడ ఎక్కాను. గోడ మీద ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచాను కూడా."

లాయరమ్మ కళ్ళు మూసుకుంది.

తమ్ముడూ, ఇది నీకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆ గోడ నా పాదమంత వెడల్పు. కింద రోడ్డు, బళ్ళు పోతున్నాయి. ఇప్పుడైతే ఆ మేడ మెట్టు కూడా ఎక్కను గానీ అప్పుడు ఇసుమంత భయం కూడా వేయలేదు. పడనని నాకు అంత గట్టిగా తెలుసు. గాలికి బట్ట ఉబ్బుతుంటే, అది నన్ను కూడా మోస్తుందనిపించింది. ఒక కాలు బయటికి పెట్టి చూద్దామనిపించింది. చావాలని కాదురా, నీ మీద ఒట్టు. మోస్తుందో లేదో చూద్దామని. కాలు ఎత్తాను కూడా.

సరిగ్గా అప్పుడే నువ్వు కింద షట్టర్ బాదడం మొదలుపెట్టావు. ఆ చప్పుడుకి నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత పనిలో ఉంటే ఎవడ్రా వీడు అనుకున్నాను. తొంగి చూస్తే నీ బట్టతల కనబడింది. నిన్ను కడిగేసి మళ్ళీ వద్దామని బట్ట కిందికి విసిరేసి గోడ దిగాను, వెనక మెట్ల మీదుగా షాపులోకి వచ్చాను. ఆ తర్వాత నేను నిన్నెన్ని తిట్లు తిట్టానో నీకు తెలుసు. నువ్వు భయపడి డాక్టర్లకి ఫోన్ చేశావు. నేను మళ్ళీ మేడ ఎక్కేలోపే వాళ్ళొచ్చారు.

ఇదంతా అక్కడ చెప్పేశాను. వాళ్ళు ముగ్గురూ పక్క గదిలోకి వెళ్ళి వచ్చారు. ప్రస్తుతానికి తాళం ఉండాలన్నారు. జడ్జి మర్యాదగానే చెప్పాడు. టీచరమ్మ మాత్రం నా కళ్ళలోకి చూసి తల వంచింది.

బయట వరండాలో లాయరమ్మ నా మీద విరుచుకుపడింది. "ఇంకో స్తంభం అని ఉంటే సాయంత్రానికి ఇంట్లో ఉండేవారు, తెలుసా మీకు?"

"తెలుసు."

"మరి ఎందుకు చెప్పారండీ?"

"బయట నాకో తమ్ముడున్నాడు. వాడు రోజూ బస్సు నిండా జనాన్ని ఎక్కించుకుని తిప్పుతాడు. వాడి చేతులు ఆడాలి" అన్నాను. "సరే గానీ, మళ్ళీ అప్పీలు ఎప్పుడు పెట్టొచ్చు?" అని అడిగితే ఆ పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది.

కాబట్టి నేను లొంగిపోయానని అక్కడ ఎవరికీ చెప్పకు. నన్ను ఆపాల్సిన రోజు ఆపారు, ఒప్పుకుంటాను. ఆపిన పద్ధతి ఒప్పుకోను. జీపు ఎందుకు? నా గురించి నా తల మీదుగా మాట్లాడుకోవడం ఎందుకు? టేపు తిరిగి ఇవ్వమని అర్జీ పెట్టాను, ఇవ్వకపోతే ఇంకోటి పెడతాను. తర్వాతి విచారణలో ఇదే మాట, ఇదే నోటితో మళ్ళీ చెబుతాను. గోడ ఎక్కిన మనిషిగానే ఈ తలుపు తీయించుకుని బయటికొస్తాను, ఎక్కనట్టు నటించి రాను. నిన్ను కూడా పిలుస్తారు. అప్పుడు మా అక్క బంగారం అని మొదలుపెట్టకు. చూసింది చూసినట్టు చెప్పు.

కోపం ఉందన్నాను కదా, అది ఇంకా ఉంది. కానీ అది జీపు మీద, నువ్వు ముందే నాతో చెప్పకపోవడం మీద. నువ్వు సంతకం పెట్టినందుకు కాదు. ఆ సంతకం పెట్టకపోయి ఉంటే నేను నిన్ను జన్మలో క్షమించేదాన్ని కాదు. క్షమించడానికి నేను ఉండేదాన్నీ కాదు.

ఇప్పుడు స్టీరింగ్ పట్టుకో. సెలవు దొరికినప్పుడు రా. తల దించుకుని రాకు, వార్డులో అందరికీ చెప్పి ఉంచాను, నన్నిక్కడ పడేసినవాడు వస్తాడు, వాడు నా తమ్ముడని. గుమ్మం దగ్గర గంట కొడితే ఎవరూ పలకరు. గట్టిగా బాదు.

మరదలికి, పాపకి ఆశీస్సులు.

ఇట్లు,
నిన్ను తిట్టడానికని గోడ దిగి,
ఇంకా తిట్టడం పూర్తికాని
నీ అక్క